బెంగళూరు ఎఫ్‌సీ సీజన్ల పట్టిక: ఒక్కో చోట ఒక్కో లెక్క, ఏది రాయాలి?

అలిపిరి_లెఫ్ట్‌బ్యాక్ (తిరుపతి)

అన్నలందరికీ నమస్తే. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గదిలో గోడకు కట్టడానికి బెంగళూరు ఎఫ్‌సీ సీజన్ల వారీ పట్టిక తెలుగులో చేస్తా ఉండాం. 2013-14 నుంచి 2024-25 దాకా, పన్నెండు సీజన్లు. బెంగళూరు కంఠీరవ స్టేడియంలో రాత్రి మ్యాచ్ చూసి బస్సెక్కితే తెల్లారేసరికి తిరుపతిలో దిగొచ్చు, అందుకే మా వాళ్ళలో సగం మంది ఆ క్లబ్బు పక్షమే.

చిక్కంతా అంకెలతోనే. 2022-23కు ఒక చోట 20 మ్యాచులు, 11 గెలుపులు అని ఉంది. ఇంకో చోట 24 మ్యాచులు, 13 గెలుపులు, 2 డ్రాలు. రెండో లెక్కన పాయింట్లు కడితే 41 రావాలి, కానీ రెండు చోట్లా 34 అనే రాశారు. 2017-18కి కొందరు "మొదటి స్థానం" అంటారు, కొందరు "రన్నరప్" అంటారు. 2018-19లో గోవా జట్టుకూ బెంగళూరుకూ పాయింట్లు సమానం, గోల్ తేడా చూస్తే గోవాదే పైచేయి. మరి బెంగళూరు పైన ఎట్లా ఉంది? ఆసియా క్లబ్బుల పోటీ 2016 ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌ను 2015-16 వరసలో రాయాలా, 2016-17లోనా?

ఇవి కాక ఎక్సెల్‌లో 2-1 అని కొడితే తేదీ అయిపోతా ఉంది. తెలిసినోళ్ళు చెప్పండన్నా. వచ్చే వారం ఫ్లెక్సీకి ఇవ్వాల.

పలమనేరు_పది_నంబరు

తమ్ముడూ, నువ్వు చూసిన రెండు లెక్కలూ నిజమే. కాకపోతే రెండో చోట లీగునూ ప్లేఆఫ్‌నూ ఒకే గంపలో పోశారు. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో పాయింట్లు వచ్చేది లీగ్ మ్యాచులకే. ఆ తర్వాత ఆడే నాకౌట్, సెమీస్, ఫైనల్‌కు పాయింట్లుండవు. 2022-23లో లీగ్ 20 మ్యాచులు: 11 గెలుపులు, 1 డ్రా, 8 ఓటములు, 34 పాయింట్లు, నాలుగో స్థానం. దాని మీద ప్లేఆఫ్ 4 మ్యాచులు: 2 గెలుపులు, 1 డ్రా, 1 ఓటమి. కలిపితే 24, 13, 2, 9. అందుకే పాయింట్లు కుదరలేదు.

కాబట్టి ముందు పెట్టుకోవాల్సిన నియమం ఇది: గెలుపు, డ్రా, ఓటమి, పాయింట్ల గడుల్లో లీగ్ మాత్రమే. ప్లేఆఫ్‌కు వేరే గడి, అందులో మాటల్లో ఫలితం. ప్రతి వరసకూ రెండు పరీక్షలు పెట్టు. గెలుపులు, డ్రాలు, ఓటములు కలిపితే మ్యాచుల సంఖ్య రావాలి. గెలుపులు మూడింతలు చేసి డ్రాలు కలిపితే పాయింట్లు రావాలి. ఏ వరసైనా ఈ రెంటిలో ఒకటి తప్పితే అందులో ప్లేఆఫ్ మ్యాచ్ దూరిందనో, అంకె తప్పు పడిందనో అనుకో.

లీగ్ వరకు ఇదీ లెక్క. బెంగళూరు మొదటి నాలుగు సీజన్లు ఐ-లీగ్ అనే వేరే లీగ్‌లో ఆడి, 2017-18లో ఐఎస్ఎల్‌కు వచ్చింది. వరుసగా సీజన్, మ్యాచులు, గెలుపు, డ్రా, ఓటమి, పాయింట్లు, ఎన్ని జట్లలో ఎన్నో స్థానం:

ఐ-లీగ్
2013-14: 24, 14, 5, 5, 47, 13లో 1
2014-15: 20, 10, 7, 3, 37, 11లో 2
2015-16: 16, 10, 2, 4, 32, 9లో 1
2016-17: 18, 8, 6, 4, 30, 10లో 4

ఐఎస్ఎల్
2017-18: 18, 13, 1, 4, 40, 10లో 1
2018-19: 18, 10, 4, 4, 34, 10లో 1
2019-20: 18, 8, 6, 4, 30, 10లో 3
2020-21: 20, 5, 7, 8, 22, 11లో 7
2021-22: 20, 8, 5, 7, 29, 11లో 6
2022-23: 20, 11, 1, 8, 34, 11లో 4
2023-24: 22, 5, 7, 10, 22, 12లో 10
2024-25: 24, 11, 5, 8, 38, 13లో 3

అడుగున మొత్తాలు కావాలంటే ఐ-లీగ్‌కు 78 మ్యాచులు, 42 గెలుపులు, 20 డ్రాలు, 16 ఓటములు, 146 పాయింట్లు. ఐఎస్ఎల్‌కు 160, 71, 36, 53, 249. నీ ఎక్సెల్ మొత్తం వీటితో సరిపోతే పై వరసలన్నీ సరిగ్గా ఎక్కినట్టే. రెండు లీగుల మొత్తాలను మాత్రం కలపొద్దు. జట్ల సంఖ్యా పోటీ తీరూ వేరు.

2017-18 సంగతి. అప్పుడు పట్టికలో బెంగళూరు మొదటిది, 40 పాయింట్లు. ఫైనల్ 2018 మార్చి 17న కంఠీరవలోనే చెన్నైయిన్‌తో జరిగింది, 2-3తో ఓడింది. లీగ్‌లో ముందున్న జట్టుకు షీల్డ్ ఇవ్వడం 2019-20తో మొదలైంది, మొదటి షీల్డ్ గోవా ఎత్తుకుంది. అంటే 2017-18లో పైన నిలిచినందుకు చేతికి వచ్చిందేమీ లేదు. 2018-19లోనూ షీల్డ్ లేదు కానీ ఈసారి ఫైనల్ గెలిచింది. అందుకే "స్థానం" అనే గడి ఒకటి, "చివరికి" అనే గడి ఒకటి ఉండాలి. 2017-18కి మొదటి గడిలో 1, రెండో గడిలో రన్నరప్. ఛాంపియన్ అని రాస్తే తప్పే.

2018-19లో గోవాది కూడా 34 పాయింట్లే. గోల్ తేడా గోవాకు +16, బెంగళూరుకు +7. అప్పటి ఐఎస్ఎల్ నియమంలో పాయింట్లు సమానమైతే ముందు చూసేది ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన మ్యాచుల ఫలితం, తర్వాతే గోల్ తేడా. ఆ సీజన్‌లో గోవాను రెండుసార్లూ బెంగళూరు ఓడించింది. నువ్వు ఎక్సెల్‌లో పాయింట్లు, గోల్ తేడా పెట్టి వరస చేయమంటే గోవాను పైన పెడుతుంది. స్థానం గడిని ఫార్ములాకు వదలకుండా చేత్తో వేసుకో.

చిత్తూరు_స్కోరుబుక్

పై లెక్కకు ప్లేఆఫ్ కొంచెం విడదీసి రాయాలి. తగాదాలన్నీ అక్కడే వస్తాయి.

బెంగళూరు ఐఎస్ఎల్ ప్లేఆఫ్‌కు అయిదు సీజన్లలో వెళ్ళింది. 2017-18లో సెమీస్‌లో పుణె సిటీతో 0-0, 3-1, ఫైనల్ చెన్నైయిన్‌తో 2-3. 2018-19లో నార్త్ ఈస్ట్‌తో 1-2, 3-0, ముంబైలో గోవాతో ఫైనల్ 1-0. ఎక్స్‌ట్రా టైమ్ 117వ నిమిషంలో రాహుల్ భేకే తలతో కొట్టిన గోల్ అది. పట్టికలో పైన నిలిచిన జట్టే ఫైనల్ కూడా గెలవడం ఐఎస్ఎల్‌లో అదే మొదటిసారి. 2019-20లో ఏటీకేతో 1-0, 1-3, ఇంటికి. 2022-23లో కేరళ బ్లాస్టర్స్‌పై 1-0, ముంబైతో 1-0, 1-2, ఫైనల్ ఏటీకే మోహన్ బగాన్‌తో 2-2. 2024-25లో ముంబైపై 5-0, గోవాతో 2-0, 1-2, ఫైనల్ కోల్‌కతాలో మోహన్ బగాన్ చేతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో 1-2.

మొత్తం 16 మ్యాచులు: 8 గెలుపులు, 2 డ్రాలు, 6 ఓటములు.

ఇందులో మూడు చోట్ల జాగ్రత్త. షూటౌట్‌కు వెళ్ళిన మ్యాచ్‌ను డ్రాగా రాస్తారు. 2023 మార్చి 18న గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఫైనల్ అట్లాంటిదే, 2-2 డ్రా, పెనాల్టీల్లో 3-4. కానీ అదే సీజన్ సెమీస్ రెండో మ్యాచ్‌కు ఇది వర్తించదు. ఆ మ్యాచ్‌లో బెంగళూరు 1-2తో ఓడింది. రెండు మ్యాచులు కలిపి 2-2 అయింది కాబట్టి షూటౌట్ పెట్టారు, 9-8తో బెంగళూరు ఫైనల్‌కు పోయింది. పైకి పోయింది కదా అని గెలుపు వేస్తారు కొందరు, షూటౌట్ ఉంది కదా అని డ్రా వేస్తారు ఇంకొందరు. రెండూ తప్పే, అది ఓటమి. నువ్వు చూసిన 24 మ్యాచుల లెక్కలో ఓటములు 9 ఉంటే వాళ్ళు దీన్ని సరిగ్గానే వేశారన్నమాట.

రెండోది 2023 మార్చి 3 కేరళ మ్యాచ్. ఎక్స్‌ట్రా టైమ్ 96వ నిమిషంలో కేరళ ఆటగాళ్ళు అడ్డుగోడగా నిలబడకముందే బెంగళూరు ఆటగాడు ఛెత్రి ఫ్రీకిక్ కొట్టేశాడు, కేరళ జట్టు మైదానం విడిచి పోయింది, తిరిగి రాలేదు. ఫలితం 1-0. ఫెడరేషన్ కేరళకు 4 కోట్లు జరిమానా వేసింది. నీ పట్టికలో మామూలు 1-0 గెలుపుగా వేసి ఎక్స్‌ట్రా టైమ్ అని గుర్తు పెడితే చాలు. అది గోలా కాదా అన్న వాదన ఇక్కడ మొదలుపెడితే ఈ చర్చ నూరు పేజీలు పోతుంది, దయచేసి వద్దు.

మూడోది గోల్ స్కోరర్ గడి, పెడితే. 2017-18లో మికు 15, ఛెత్రి 14 అని అంతటా కనిపిస్తుంది. అది ప్లేఆఫ్‌తో కలిపి. సెమీస్‌లో పుణె మీద ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు, ఫైనల్‌లో ఒకటి వేశాడు. మికు ఫైనల్‌లో ఒకటి. లీగ్ వరకే అయితే మికు 14, ఛెత్రి 10. లీగ్ వరసలో 15 రాసి పక్కన 18 మ్యాచులు అని ఉంటే ఎవడో ఒకడు పట్టుకుంటాడు.

ఇక ఏఎఫ్‌సీ కప్. అప్పట్లో ఆ పోటీ క్యాలెండర్ సంవత్సరం ప్రకారం నడిచేది, మన సీజన్ మాత్రం రెండు సంవత్సరాల మీద ఉంటుంది. 2016లో గ్రూపు మ్యాచులు, హాంకాంగ్ జట్టు కిచ్చీపై 3-2 గెలుపు ఆష్లీ వెస్ట్‌వుడ్ కోచ్‌గా ఉన్నప్పుడు అయిపోయాయి, అవి 2015-16 సీజన్ కిందకు వస్తాయి. క్వార్టర్స్, మలేషియా జట్టు జొహోర్‌పై సెమీస్ (1-1, 3-1), 2016 నవంబరు 5న దోహాలో ఇరాక్ జట్టు అల్ కువా అల్ జవియాతో 0-1 ఫైనల్, ఇవన్నీ ఆల్బర్ట్ రోకా వచ్చాక, 2016-17 కింద. భారత క్లబ్బు ఒకటి ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు చేరడం అదే మొదటిసారి. దాన్ని రెండు ముక్కలు చేసి రెండు వరసల్లో పెడితే చూసేవాడికి అర్థం కాదు. ఆసియా పోటీలను సీజన్ వరసల్లోంచి పూర్తిగా తీసేసి, కింద "2016 ఏఎఫ్‌సీ కప్: రన్నరప్" అని విడిగా ఒక పెట్టెలో సంవత్సరం పేరుతో వేయడమే నయం.

దేశంలోని కప్పులకు ఆ చిక్కు లేదు. ఫెడరేషన్ కప్ 2014-15 (2015 జనవరి 11న డెంపోపై 2-1), ఫెడరేషన్ కప్ 2017 (కటక్‌లో మోహన్ బగాన్‌పై ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-0, రెండూ వినీత్ గోల్స్), 2018 సూపర్ కప్ (భువనేశ్వర్‌లో ఈస్ట్ బెంగాల్‌పై 4-1). 2022 డ్యురాండ్ కప్ సెప్టెంబరులో ముంబైని 2-1తో ఓడించి గెలిచింది, అది 2022-23 వరసకే పోవాలి. అదే సీజన్ చివర్లో సూపర్ కప్ ఫైనల్‌లో ఒడిశా చేతిలో 1-2. అంటే ఒక్క సీజన్‌లో మూడు ఫైనళ్ళు, ఒక కప్పు.

అలిపిరి_లెఫ్ట్‌బ్యాక్

చాలా థ్యాంక్స్ అన్నా ఇద్దరికీ. రెండు పరీక్షలూ పెట్టి చూశా, పన్నెండు వరసలూ సరిపోయినాయి. ఇంకొకటి. "ఉత్తమ సీజన్" అని ఒక వరసకు రంగు వేయాలని మా వాళ్ళ కోరిక. పాయింట్లు చూస్తే 2013-14లో 47, అదే ఎక్కువ. దానికే వేసేయొచ్చా? ఇంకో మాట, 2020-21, 2023-24 వరసలు తీసేయమంటున్నారు కొందరు, చూడ్డానికి బాగుండవని.

పలమనేరు_పది_నంబరు

తీసేయడమేంది సామీ! ఏడో స్థానం, పదో స్థానం దాచేస్తే అది రికార్డు కాదు, పెళ్ళి శుభలేఖ. ఉంచండి.

రంగు విషయంలో ఉత్త పాయింట్లు చూసి వేయొద్దు. ఒక సీజన్‌లో 24 మ్యాచులు, ఇంకోదాంట్లో 16. మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లో కట్టు, అంటే పాయింట్లను మ్యాచులతో భాగించి రెండు దశాంశాల దాకా. 2013-14కు 1.96 వస్తుంది. 2015-16లో 32 పాయింట్లే అయినా 16 మ్యాచులకు 2.00. 2017-18కి 2.22, పన్నెండింటిలో అదే పైన. లీగ్ కప్పు రాని సీజనే లెక్కలో ఉత్తమం అవుతుంది, అది మీ వాళ్ళకు నచ్చకపోవచ్చు.

ఈ గడి ఉంటే ఇంకొన్ని బయటపడతాయి. 2024-25లో 38 పాయింట్లు, ఐఎస్ఎల్‌లో బెంగళూరుకు రెండో పెద్ద అంకె. కానీ 24 మ్యాచులకు 1.58 మాత్రమే. 30 పాయింట్ల 2019-20 దాని కంటే మెరుగు, 1.67. రెండుసార్లు 22 పాయింట్లు వచ్చాయి కదా, అవీ సమానం కావు. 2020-21 అంటే 1.10, 2023-24 అంటే సరిగ్గా 1.00. లీగులో జట్లు 10 నుంచి 11, 12, 13కు పెరిగాయి, దాంతో మ్యాచులు 18 నుంచి 24 అయ్యాయి. ఆ సంగతి చెప్పకుండా పాయింట్లు పక్కపక్కన పెడితే పాత సీజన్లకు అన్యాయం. మిగతావి కూడా రాసుకో: 2014-15కు 1.85, 2016-17కు 1.67, 2018-19కు 1.89, 2021-22కు 1.45, 2022-23కు 1.70.

పాయింట్ల సగటు కూడా అన్నీ చెప్పదు. 2022-23లో 1.70 చూస్తే మామూలు సీజన్ అనిపిస్తుంది. సీజన్ మధ్య దాకా అడుగున తిరిగి, చివరి 8 లీగ్ మ్యాచులు వరసగా గెలిచి నాలుగో స్థానానికి వచ్చారు. 2014-15 కూడా అంతే. ఆఖరి రోజు, 2015 మే 31న కంఠీరవలో మోహన్ బగాన్‌తో మ్యాచ్. జాన్ జాన్సన్ గోల్‌తో బెంగళూరు ముందుంది, 87వ నిమిషంలో బెల్లో రజాక్ సమం చేశాడు. బగాన్ 39, బెంగళూరు 37. ఆ గోల్ పడకపోయుంటే 39-38తో కప్పు ఇక్కడే ఉండేది. "గమనిక" అని ఒక సన్న గడి పెట్టి ఇలాంటివి నాలుగైదు మాటల్లో వేస్తే గోడ ముందు నిలబడి చదువుతారు.

కోచ్ గడి పెడితే సీజన్ మధ్యలో మారిన వాళ్ళను మర్చిపోవద్దు. 2020-21లో కార్లెస్ క్వాద్రాత్ జనవరిలో పోయాడు, మిగతాది నౌషాద్ మూసా నడిపాడు. 2023-24లో డిసెంబరులో సైమన్ గ్రేసన్‌ను పంపించి జెరార్డ్ సరగోసాను తెచ్చారు. రెండు పేర్లూ గీత పెట్టి రాయాలి. ఒక్క పేరే రాస్తే ఆ 22 పాయింట్లు మొత్తం ఒకడి ఖాతాలో పడతాయి.

చిత్తూరు_స్కోరుబుక్

సొంతగడ్డ, బయట అని విడదీసే ఆలోచన ఉంటే 2020-21, 2021-22 సీజన్లకు మానుకోండి. కోవిడ్ వల్ల ఆ రెండేళ్ళూ లీగ్ మొత్తం గోవాలో మూడు స్టేడియంలలో జరిగింది. కాగితం మీద "సొంత మ్యాచ్" అని ఉంటుంది, ఆడింది మాత్రం గోవాలో. 2013-14 సొంత మ్యాచులు అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో, కంఠీరవకు మారింది ఆ తర్వాత. స్టేడియం గడి పెడితే ఇవి చూసుకోండి.

గ్రీమ్స్‌పేట_డీటీపీ

ఎక్సెల్ సంగతి, ఫ్లెక్సీ సంగతి నేను చెబుతా.

2-1 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. తేదీ అయిపోయాక గడిని టెక్స్ట్‌గా మార్చినా లాభం లేదు, నలభై వేల చిల్లర సంఖ్య ఏదో కనిపిస్తుంది. కొట్టకముందే ఆ నిలువు వరస మొత్తం ఎంచుకుని ఫార్మాట్‌లో టెక్స్ట్ పెట్టాలి, లేదంటే ముందు ఒక సింగిల్ కోట్ కొట్టి 2-1 రాయాలి. ఇంకా మంచిది, వేసిన గోల్స్ ఒక గడి, తిన్న గోల్స్ ఒక గడి. షూటౌట్ 9-8కీ ఇదే గతి. స్థానాన్ని 7/11 అని రాద్దామనుకుంటే అదీ తేదీయే, పైన అన్న రాసినట్టు "11లో 7" అని రాసుకోండి.

సీజన్ పేరు 2013-14 అని కొడితే ఏం కాదు, ఎందుకంటే పద్నాలుగో నెల లేదు. రేపు మోహన్ బగాన్‌కో ఈస్ట్ బెంగాల్‌కో ఇట్లాంటిదే చేద్దామని పాత సీజన్లు ఎక్కిస్తే 2000-01 నుంచి 2011-12 దాకా అన్నీ నెలలుగా మారిపోతాయి. మిగతావి టెక్స్ట్‌గా ఉండి ఇవి తేదీలైతే, వరస చేసినప్పుడు అవి విడిపోయి ఒక మూలకు పోతాయి.

ఫ్లెక్సీకి ఎక్సెల్ ఫైలు ఇవ్వకండి. చాలా షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతోనే పని, అవి యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు. మీరు ఫోన్లో, కంప్యూటర్లో కొట్టే తెలుగు యూనికోడ్. దాన్ని పాత పేజ్‌మేకర్‌లో అతికిస్తే ప్రశ్న గుర్తులో, డబ్బాలో వస్తాయి. అప్పుడు షాపాయన మళ్ళీ మొదటి నుంచి చేత్తో కొడతాడు, అంకెలు తారుమారయ్యేది అక్కడే. మీరే పేజీ సైజు పెట్టుకుని, ఫాంట్లు లోపల కలిపి పీడీఎఫ్ చేసి ఇవ్వండి. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీ అయితే పీడీఎఫ్ పేజీ కూడా 6కు 4 నిష్పత్తిలోనే ఉండాలి, ఏ4 ఇస్తే సాగదీస్తారు, అక్షరాలు పొట్టిగా వెడల్పుగా అయిపోతాయి.

పన్నెండు వరసలు, తల వరస, రెండు మొత్తాల వరసలు కలిపి పదిహేను. నాలుగడుగుల ఎత్తులో పైన పేరుకు ఎనిమిది అంగుళాలు, కింద ఆసియా పెట్టెకు ఆరు తీస్తే 34 అంగుళాలు మిగులుతాయి. వరసకు రెండంగుళాల పైన వస్తుంది, అంకెలు అంగుళం ఎత్తు పెట్టొచ్చు. గది అవతలి గోడ నుంచి కూడా కనపడతాయి. గమనికల గడికి మాత్రం అర అంగుళం చాలు, దగ్గరికొచ్చే చదువుతారు. రంగు వరసకు ముదురు నీలం వేసి తెల్ల అంకెలు పెట్టండి. లేత నీలం మీద తెలుపు ఫ్లెక్సీలో కలిసిపోతుంది.

ప్రింటుకు ముందు ప్రూఫ్ (నమూనా కాగితం) అడిగి, పైన చెప్పిన రెండు పరీక్షలూ ఆ కాగితం మీద పెన్నుతో చేయండి, కంప్యూటర్లో కాదు.

అలిపిరి_లెఫ్ట్‌బ్యాక్

సరేనన్నా. స్థానం, చివరికి, సగటు, గమనిక నాలుగు గడులూ పెడతా ఉండాం. రంగు 2018-19కే వేయమని ఓటు పడింది, 2017-18 పక్కన 2.22 మాత్రం లావు అక్షరాల్లో. స్టేడియం గడి తీసేశాం, చోటు చాల్లేదు. ప్రూఫ్ వచ్చినాక ఫొటో ఇక్కడే పెడతా, అంకెలు ఇంకోసారి చూడండి.